కరెంటు, కొళాయి, బజారు ఒకేసారి ఆగిపోతే: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు నెల రోజులకు సిద్ధం కావడం ఎలా?

2021 నవంబరు మూడో వారంలో తిరుపతిని ముంచెత్తిన వానకు మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. మోటారు బోర్డు మునిగింది. షాకు కొడుతుందన్న భయంతో మెయిన్ ఆపేశాం. దాంతో మిద్దె మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించే దారి లేకుండా పోయింది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే ఉన్న ఆ రోజున, సాయంత్రమయ్యేసరికి అన్ని ఇళ్ల కొళాయిల్లోనూ గాలి మాత్రమే వచ్చింది. మా ఇంట్లో మిగిలింది రోజూ పొద్దుగూకే వేళకు మా అవ్వ నింపిపెట్టే ఇత్తడి గంగాళం, రెండు బిందెలు. కొళాయి ఇరవై నాలుగు గంటలూ వస్తుంటే ఇదెందుకని మేము ఎన్నోసార్లు విసుక్కున్న ఆ గంగాళంలోని నీళ్లతోనే ఐదుగురం రెండు రోజులు గడిపాం.

అదే వానకు తిరుమల ఘాట్ రోడ్లలో కొండచరియలు విరిగిపడ్డాయి. స్వర్ణముఖి పొంగింది. కట్ట తెగుతుందేమోనని రాయలచెరువు దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అంతకుముందు 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. 2016 నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం సాగినప్పుడు ఆర్టీసీ బస్సులు వారాల తరబడి డిపోలు దాటలేదు, అక్టోబరులో విద్యుత్ ఉద్యోగుల సమ్మెతో ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. పదేళ్లు కూడా నిండకుండా నాలుగు సార్లు, నాలుగు వేర్వేరు కారణాలతో మన దైనందిన జీవితం ఆగిపోయిందంటే, ఐదోది ఏ రూపంలో వస్తుందో ఊహించే ప్రయత్నం కన్నా, ఏది వచ్చినా ఇంట్లో ముందుగా ఆగిపోయేవి ఏమిటో చూసుకోవడమే మేలని నా అభిప్రాయం. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే నీళ్లు, నీళ్లు ఆగితే వంట, మరుగుదొడ్డి ఆగిపోతాయి. సెల్ టవరు బ్యాటరీ అయిపోతే ఫోనూ, ఫోనుతో పాటు చెల్లింపులూ ఆగిపోతాయి. ఈ గొలుసును ఎక్కడెక్కడ తెంపగలమో చూసుకుంటూ, కింది పనులను ఇదే వరుసలో చేసుకోవాలి. అన్నీ ఒకే నెలలో చేయనక్కరలేదు. మా ఇంట్లో దాదాపు ఏడాది పట్టింది.

మొదటి పని: నీళ్లు

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కపెట్టుకోవాలి. నలుగురున్న ఇంటికి వారానికి 112 లీటర్లు అవుతుంది కనుక, ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు నిండుగా ఉంటే చాలు. స్నానం, గిన్నెలు, మరుగుదొడ్డి అవసరాలకు, పొదుపుగా వాడినా, మనిషికి రోజుకు మరో పదిహేను లీటర్లు కావాలి. అది వారానికి 420 లీటర్లు. సొంత ఇల్లయితే సంపు ఈ అవసరం తీరుస్తుంది. అయితే మోటారు లేకుండా సంపులోంచి నీళ్లు తోడడానికి సంపు మూత సులువుగా తెరుచుకోవాలి, తాడు కట్టిన చిన్న బొక్కెన దగ్గరుండాలి. ఈ రెండూ లేక నీళ్ల మీదే నిలబడి నీళ్ల కోసం వెతికిన ఇళ్లను నేను చూశాను. మూత తెరిచి ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు అక్కడే నిలబడాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. అపార్ట్‌మెంటులో ఉండేవారు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు బాల్కనీలోనో స్నానాల గదిలోనో పెట్టుకోవచ్చు. అంత చోటు లేని ఇంట్లో వాన హెచ్చరిక వచ్చిన రోజున ప్రతి బిందె, బకెట్టు, కుక్కరు సైతం నింపేయాలి.

నిల్వ నీటిని శుభ్రం చేసే పద్ధతి ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. వడగట్టిన నీటిని బుడబుడా పొంగేదాకా కాచి, ఆ పొంగు ఒక నిమిషం నిలిస్తే సరిపోతుంది. గ్యాసు పొదుపు చేయాల్సి వస్తే క్లోరిన్ మాత్రలు వాడాలి. అర గ్రాము మాత్ర ఒకటి ఇరవై లీటర్ల తేట నీటికి చాలు. బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. దానిని నేరుగా ట్యాంకులో చల్లకుండా, చిన్న బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోయాలి. మాత్రకైనా పొడికైనా గంటసేపు ఆగాకే ఆ నీళ్లు తాగాలి. బ్లీచింగ్ పౌడరు తేమకు, వెలుతురుకు బలం కోల్పోతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచి ఆరు నెలలకొకసారి మార్చాలి. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు కాబట్టి ముందు పటిక తిప్పి తేరనివ్వడం, నాలుగు మడతల నూలు గుడ్డతో వడగట్టడం తప్పనిసరి.

మీ వీధికి దగ్గరలో చేతితో కొట్టే బోరింగు ఉందా, ఉంటే పనిచేస్తోందా, ఎవరింటి పెరట్లో చేదబావి ఉంది, ఆ ఇంటివారు నీళ్లు తోడుకోనిస్తారా అన్నది ఇప్పుడే తెలుసుకోవాలి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూడడం అలవాటైన చిత్తూరువాసులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు గానీ, కొత్త కాలనీలలో స్థిరపడిన చాలామందికి తమ నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయో కూడా తెలియదు.

రెండో పని: మందులు

ఆహారం కన్నా దీన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. బియ్యం అయిపోతే పొరుగింట్లో దొరుకుతాయి, బీపీ మాత్ర దొరకదు. రోజూ వేసుకునే ప్రతి మాత్రా నెలకు సరిపడా అదనంగా ఉండాలి. డాక్టరు చీటీ ఫొటో ఫోనులోనూ, జిరాక్సు కాగితం మందుల పెట్టెలోనూ ఉండాలి. చీటీ మీది కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరునూ రాసుకుంటే, ఆ కంపెనీది దొరకని రోజున అదే మందును మరో పేరుతో కొనుక్కోవచ్చు.

ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో కరెంటు పోతే ఫ్రిజ్ గురించి కంగారు పడతారు. తెరిచి వాడుతున్న సీసా ముప్పై డిగ్రీల లోపు వేడిలో సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది; ఖచ్చితమైన గడువు పెట్టె మీద ఉంటుంది. మన మే నెల ఎండకు ఇంట్లో ముప్పై డిగ్రీలు ఉండడం కష్టం కనుక, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంతలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి గాలి ఆడే నీడలో ఉంచాలి. ఇసుక ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, అందువల్ల ఐసు ముక్కల మీద పెట్టవద్దు.

ప్రథమ చికిత్స పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు కనీసం ఇరవై ఉండనివ్వండి. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన చెంచాలతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని, కాబట్టి కంటి లెక్కతో వేయకండి. దూది, గాజుగుడ్డ, పొవిడోన్ అయోడిన్, పారాసెటమాల్, కత్తెర, థర్మామీటరు సరే. శేషాచలం అడుగున ఉన్న కాలనీలలో వానలప్పుడు పాములు ఇళ్లలోకి వస్తాయి. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాటు పడిన చేయినో కాలినో కదలనివ్వకుండా, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రిలో ఆ మందు నిల్వ ఉంటుందో మంచి రోజులలోనే అడిగి రాసుకోవాలి.

మూడో పని: తిండి గింజలు

2020లో మొదట ప్రకటించిన లాక్‌డౌన్ 21 రోజులు. తరువాత దాన్ని పొడిగించారు. అందుకే నెల రోజుల లెక్క వేసుకోమంటున్నాను. నలుగురున్న ఇంటికి బియ్యం 25 కిలోలు, రాగులు 8 కిలోలు, గోధుమ పిండి 5 కిలోలు, కందిపప్పు, పెసలు, ఉలవలు, అలసందలు అన్నీ కలిపి 6 కిలోలు, నూనె 4 లీటర్లు, బెల్లం, చక్కెర కలిపి 4 కిలోలు, ఉప్పు 2 కిలోలు, చింతపండు కిలో, ఎండుమిరప, పాలపొడి. ఇవి కాక మనింట్లో ఎలాగూ ఉండే ఊరగాయలు, వడియాలు, అప్పడాలు.

ఈ జాబితాలో రాగులకు చోటివ్వడం రాయలసీమ మీది మమకారంతో కాదు. బియ్యానికి ముక్కపురుగు పడుతుంది, గోధుమ పిండి రెండు నెలలకే చేదెక్కుతుంది, పాలిష్ లేని చిన్న గింజ అయిన రాగి మాత్రం బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కరువు సంవత్సరాలను మన పెద్దలు దాటింది రాగి గాదెలతోనే. అయితే గింజగానే దాచాలి. పిండి పట్టిస్తే కొద్ది వారాలకే వాసన మారుతుంది. మర ఆడని రోజు కోసం తిరగలి ఉంటే మంచిది, లేకపోతే రాగులను నానబెట్టి రుబ్బి అంబలి కాచుకోవచ్చు.

చెనిక్కాయలను కాయగానే ఉంచాలి. వలిచిన విత్తనం మన వేడికి త్వరగా కారువాసన పడుతుంది, తేమ తగిలి బూజు పడితే అది కాలేయానికి హాని చేసే విషం. బూజు కనిపించిన గింజలను ఏరి మిగతావి వాడుకుందామన్న ఆలోచన వద్దు, మొత్తం పారేయాలి. కందిపప్పుకు కొద్దిగా ఆముదం పట్టించి ఎండబెట్టే పాత పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది. బియ్యం డబ్బాలో ఎండిన వేపాకు, ఎండుమిరప వేయాలి. డబ్బాలను నేల మీద పెట్టకుండా, వరద నీరు వచ్చే ఇళ్లలో నడుము ఎత్తుకు తగ్గని అటక మీద ఉంచాలి.

పొయ్యి వెలిగించే వీలులేని మూడు రోజులకు విడిగా ఒక డబ్బా సర్దుకోవాలి. అటుకులు, బొరుగులు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరం, వేయించిన చెనిక్కాయలు, పుట్నాల పొడి అందులో ఉంటే చాలు. పసిపిల్లలుంటే వారి పాలపొడి, ముసలివారుంటే వారు నమలగలిగిన తిండి ఆ డబ్బాలోనే ఉండాలి.

ఇదంతా ఒక్కరోజున బజారుకు వెళ్లి తెచ్చుకోకండి. ప్రతి వారం మామూలు సరుకులతో పాటు నాలుగు కిలోలు అదనంగా కొంటూ పోతే మూడు నాలుగు నెలల్లో నిల్వ తయారవుతుంది, చేతికి బరువూ తెలియదు. గండం మీద పడ్డాక అందరితో పాటు ఎగబడి కొనేవాడు రోజుకూలీకి వెళ్లేవాని చేతిలోని కిలో బియ్యాన్ని లాక్కున్నట్టే. తిరుపతిలో ఈ మాటకు మరింత అర్థముంది. రైళ్లూ బస్సులూ ఆగిన రోజున ఊరివారితో పాటు వేలాది యాత్రికులు కూడా ఇక్కడే చిక్కుకుపోతారు, వారికి ఇల్లు లేదు, వంటగది లేదు. మన నిల్వ మన ఇంట్లో ఉంటే అంగట్లోని రొట్టె, పాలు, నీళ్ల సీసా వారికి మిగులుతాయి.

నాలుగో పని: పొయ్యి, వెలుగు, ఫోను

14.2 కిలోల గ్యాసు సిలిండరు నలుగురికి నెల నుంచి నెలన్నర వస్తుంది. రెండో సిలిండరు ఉంటే, మొదటిది అయిన రోజునే బుక్ చేయడం అలవాటు చేసుకోవాలి. పప్పులు నానబెట్టి వండినా, అన్నం ఉడుకు పట్టాక గిన్నెను దుప్పట్లో చుట్టి మగ్గనిచ్చినా గ్యాసు మిగులుతుంది. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి వాడాల్సి వస్తే ఆరుబయటే వాడాలి. తలుపులు మూసిన గదిలో కుంపటి పొగ ప్రాణం తీస్తుంది, ఆ విషవాయువుకు వాసన ఉండదు.

ఇన్వర్టరు ఎంతసేపు వస్తుందో ఊహించుకోకుండా లెక్క కట్టండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో 1,800 వాట్ అవర్ల విద్యుత్తు ఉంటుంది, నష్టాలు పోగా సుమారు 1,300 చేతికి వస్తుంది. రెండు పాత ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు 36 వాట్లు, వైఫై పెట్టె 10 వాట్లు కలిపితే దాదాపు 200 వాట్లు, అంటే ఆరున్నర గంటలు. ఆ రెండు ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే అదే బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుంది. కొత్త బ్యాటరీ కొనడం కన్నా ఫ్యాన్లు మార్చడం చవక. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవారు ఒక సంగతి గమనించాలి. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైన్లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కు షాకు తగలకుండా చేసిన ఏర్పాటు అది. కరెంటు లేనప్పుడు కూడా పలకలు పనిచేయాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండాలి.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నేటి ఫోనును రెండున్నర సార్లు నింపుతుంది. ఇంట్లోని రెండు ఫోన్లలో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి. కాల్ కలవని సమయంలో కూడా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశముంది కాబట్టి చిన్న సందేశం పంపి, ఫోను పక్కన పెట్టాలి. సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఒకటి కొనండి. టవర్లు ఆగినా ఆకాశవాణి వినిపిస్తుంది.

ఐదో పని: నగదు, కాగితాలు

ఇంటి ఖర్చుకు రెండు వారాలకు సరిపడే నగదు, అందులో సగమైనా యాభై, వంద నోట్లుగా ఉండాలి. ఇంటర్నెట్ లేకున్నా మామూలు ఫోను నుంచి *99# నొక్కి డబ్బు పంపే వీలుంది. బ్యాంకు ఖాతాతో ఒకసారి ముందే ప్రయత్నించి చూసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పత్రాల నకళ్లు, బీమా, ఆరోగ్యశ్రీ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, కుటుంబమంతా ఉన్న ఒక ఫొటో, వీటిని నీళ్లు చొరని కవరులో పెట్టాలి. ఆ కవరులోనే ముఖ్యమైన పది ఫోన్ నంబర్లను చేతిరాతతో రాసి ఉంచాలి. 112 అత్యవసర సేవలకు, 108 అంబులెన్సుకు, 101 అగ్నిమాపక దళానికి, 1912 కరెంటు ఫిర్యాదులకు, 1077 జిల్లా విపత్తు కంట్రోల్ రూముకు.

ఆరో పని: ఇల్లు విడవాల్సి వస్తే

మనిషికొక వీపు సంచి. రెండు లీటర్ల నీళ్లు, మూడు రోజుల మందులు, ఒక జత బట్టలు, తువ్వాలు, తలకు పెట్టుకునే టార్చి, ఈల, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ పట్ట, పది మీటర్ల తాడు, శానిటరీ ప్యాడ్లు, పుట్నాలు, బెల్లం. బరువు ఎనిమిది కిలోలు దాటకూడదు. ముసలివారి సంచి అందులో సగం.

సంచి కన్నా ముఖ్యమైనది దారి. ఎక్కడికి వెళ్లాలో, ఏ దారిన వెళ్లాలో, ఎప్పుడు కదలాలో ఈ మూడూ ముందే తేలాలి. తిరుపతిలో పెద్ద వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జిలు గంటలోపే నిండుతాయి, కాబట్టి వాటి మీదుగా వెళ్లే దారిని వాన రోజుల పటం నుంచి కొట్టేయాలి. వాగు కల్వర్టు మీదుగా పారుతుంటే మోకాలిలోతే కదా అని బండి దింపకండి. నీటి అడుగున రోడ్డు మిగిలి ఉందో కోసుకుపోయిందో పైకి తెలియదు. చెరువు దిగువన ఉన్న ఊళ్లవారు దగ్గరలోని గుట్ట మీదికో, ఎగువనున్న బడికో చేరే కాలిబాటను పిల్లలతో కలిసి ఒకసారి నడిచి చూడాలి. బండిలో సగం ట్యాంకుకు తగ్గకుండా పెట్రోలు ఉంచితే అది చాలు. ఇంట్లో క్యాన్లలో దాచడం నిప్పును దాచుకోవడమే.

ఇంటివారు తలోచోట ఉండగా ఫోన్లు ఆగితే కలుసుకునే స్థలాలు రెండు పెట్టుకోవాలి: ఒకటి వీధి చివర, ఇంకొకటి వీధికి దూరంగా ఎత్తైన చోట. వీటితో పాటు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉన్న బంధువు ఒకరిని అందరికీ ఉమ్మడి కబురు మనిషిగా ఎంచుకోండి. ఊరిలో ఒకరికొకరు దొరకని సమయంలో దూరపు ఊరికి కాల్ కలుస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో ఆ పిన్నికో బాబాయికో చెబితే వారి ద్వారా అందరికీ చేరుతుంది.

కారణం గొడవలో అల్లర్లో అయితే కదలకుండా ఇంట్లో ఉండడమే మంచిది. మనం అలవాటుగా 144 సెక్షన్ అంటున్నది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్. దాని కింద ఉత్తర్వు ఉన్నప్పుడు గుంపుగా బయటికి రావడం నేరమవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన మాటను కలెక్టరు కార్యాలయం ప్రకటనతోనో రేడియో వార్తతోనో సరిచూసుకోకుండా ఎవరికీ పంపకండి.

ఏడో పని: ఇరుగుపొరుగు

మెట్లు దిగలేని ముసలివారు ఏ ఇంట్లో ఉన్నారు, ఆక్సిజన్ యంత్రం ఎవరికి ఉంది, నెలలు నిండిన గర్భిణి ఎవరు, నర్సు, ఎలక్ట్రీషియన్, ఆటో నడిపేవారు ఎవరు, ఇవన్నీ రాసుకున్న ఒక్క కాగితం అసోసియేషన్ దగ్గర ఉండాలి. మా అపార్ట్‌మెంటులో ఆ వాన తరువాత చేసిన మొదటి మంచి పని మోటారు బోర్డును సెల్లారు నుంచి మొదటి అంతస్తు ఎత్తుకు మార్పించడం. రెండోది, నీళ్లు ఆగినప్పుడు ట్యాంకు వాల్వు మూసి ఇంటికి ఇన్ని బిందెలని పంచే బాధ్యతను ఒక మనిషికి అప్పగించడం.

ఎనిమిదో పని: ఒక ఆదివారం అన్నీ ఆపి చూడడం

పైన చెప్పినవన్నీ సర్దుకున్నాక, పొద్దున ఆరు నుంచి మరుసటి పొద్దున ఆరు వరకు మెయిన్ స్విచ్ ఆపండి, కొళాయి తిప్పకండి, ఆన్‌లైన్‌లో ఏదీ తెప్పించకండి. మా ఇంట్లో మొదటిసారి ఇలా చేసిన రాత్రి, ఎంతో జాగ్రత్తగా దాచిన టార్చి వెలగలేదు. మూత తిప్పితే లోపల సెల్స్ కారి, స్ప్రింగు మీద పచ్చటి చిలుము గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో గీకినా అది రాలేదు. అప్పటినుంచి సెల్స్‌ను టార్చిలో వేసి ఉంచకుండా, పక్కనే కవరులో కట్టి పెడుతున్నాం. గ్యాసు పొయ్యి నొక్కితే వెలిగే రకం కావడంతో ఇంట్లో అగ్గిపెట్టె ఉన్నది పూజగదిలో మాత్రమేనని, అందులో మూడు పుల్లలే మిగిలాయని కూడా ఆ రాత్రే తెలిసింది. మిద్దె తలుపు తాళం వాచ్‌మన్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఇలాంటివి ఏ జాబితాలోనూ ఉండవు, చీకట్లో చేయి చాచినప్పుడే బయటపడతాయి. దొరికిన ప్రతి లోపాన్నీ ఆ రాత్రే కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించాలి, వారంలోపు సరిచేయాలి.

ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లు పెట్టుకోవాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి కనుక సెప్టెంబరు చివరి ఆదివారం ఒకటి, ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో ఒకటి. ఆ రోజున క్యాన్లలోని పాత నీళ్లను మొక్కలకు పోసి, క్యాన్లు కడిగి కొత్తవి పట్టాలి, గడువు దగ్గరపడిన మందులను వాడుకలోకి తీసి వాటి స్థానంలో కొత్తవి పెట్టాలి, రాగులు, పప్పులు ఒక పూట ఎండలో పోయాలి, పిల్లల సంచిలోని బట్టలు వారికి ఇంకా పడుతున్నాయో లేదో తొడిగి చూడాలి.